గొడుగున్న ఇంజను

రెండు రోజులుగా నా మనవరాలి గదిలోంచి ఒకటే వాసన. రంగు, రంగును పలచన చేసే నూనె, వేడెక్కిన లోహం. వంటింట్లో మా బిడ్డ ఉల్లిగడ్డలు వేయిస్తున్నా ఆ వాసనదే పైచేయి.

జగిత్యాలలో నేను ఉండేది మా బిడ్డ ఇంట్లోనే. మనవరాలు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. సెలవులకు వచ్చిందంటే బట్టల కంటే ముందు ఒక అట్టపెట్టె దిగుతుంది. అందులో జానెడంత రైలింజను ఉంటుంది. కొనుక్కొచ్చిన దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచుకోదు. ప్లాస్టిక్ కమ్ములు పీకేసి వెంట్రుకంత ఇత్తడి తీగలు పెడుతుంది. నిగనిగలాడే రంగు మీద మసి పూస్తుంది, తుప్పు పూస్తుంది, నూనె కారినట్టు మరకలు దిద్దుతుంది. కొత్త వస్తువును పాతది చేయడానికి ఇంత తిప్పలు పడే మనిషిని నా జన్మలో చూడలేదు. పాతబడిపోవడం నాకు ఏ తిప్పలూ లేకుండానే వచ్చింది.

నిన్న మధ్యాహ్నం చేతిలో సన్న కుంచె పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది.

“అమ్మమ్మా, గిది బొగ్గు బండి. మసి గొట్టం కాడ ఎక్కువుంటదా, చక్రాల కాడ ఎక్కువుంటదా? నువ్వు చూసినవ్ గదా?”

“చూడలే బిడ్డా. నేను రైలెక్కేనాటికి అన్ని డీజిల్ బండ్లే.”

“మరి మొన్న మసి గురించి గంత బాగ ఎట్ల చెప్పినవ్?”

“చూడలే గాని, చేయించిన.”

“ఏం చేయించినవ్?”

“బొగ్గు ఇంజను.”

అది కుంచె కింద పెట్టి నా పక్కన కూర్చుంది. ఇనప్పెట్టె తాళం నా కొంగుకే ఉంది. కానీ వెంటనే తీయలేదు. ముందు మొదటి నుంచీ చెప్పాను. ఇక్కడా ఆ వరుసలోనే రాస్తున్నాను.

మాది సిరిసిల్ల. మా వాడలో ఇంటింటికీ సాంచెలు ఉండేవి. సాంచె అంటే మరమగ్గం. రోజంతా వాటి టకటకలోనే మాట్లాడుకునేవాళ్లం కాబట్టి మా వాడ వాళ్లందరికీ గొంతు పెద్దది. పెళ్లయి కోరుట్లకు పోయిన కొత్తలో మా అత్త, “మెల్లగ మాట్లాడు పిల్లా, మాకు చెవులు మంచిగనే ఉన్నయి” అనేది. ఇంట్లో తడిపిన తునికాకు వాసన, జర్దా వాసన. మా అవ్వ, అంటే మా అమ్మ, చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. వీధిలోకి వస్తే మిషను నూనె వాసన, నూలుకు పట్టించే గంజి వాసన. ఇప్పటికీ అన్నం వార్చిన గంజి పొంగితే నాకు మా వాడ గుర్తొస్తుంది.

మా బాపు సాంచెలు నడిపేవాడు. కానీ సిరిసిల్లలో కాదు, బొంబాయి దగ్గర భివండిలో. మా వాడలో సగం మంది మగవాళ్లు అక్కడే ఉండేవాళ్లు. దసరాకు ఒకసారి, ఎండాకాలం ఒకసారి, ఏడాదికి రెండు మాట్లు వచ్చేవాడు. వచ్చిన రోజు ఆయన తలలోంచి, చొక్కాలోంచి రైలు బొగ్గు పొగ వాసన వచ్చేది. నాకు ఆ వాసన ప్రాణం. మెడకు చుట్టుకుని వదిలేదాన్ని కాదు. మూడు నాలుగు స్నానాలకు అది పోయేది. ఆ తరువాత ఇల్లంతా ఆయన చుట్టూ తిరిగేది. అవ్వ సర్వపిండి చేసేది, గిన్నె అడుగున మాడిన చెక్క నాకు, నడుమ మెత్తటిది బాపుకు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ చేత్తో పిసికి వేస్తేనే ఆయన తినేవాడు. పది పదిహేను రోజులు గడవగానే అవ్వ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టేది. ఆ మూట వాసన మాత్రం నాకు పడేది కాదు.

ఒకసారి బాపు బయలుదేరే పొద్దున ఆయన చెప్పు ఒకటి తీసి తునికాకు గంపలో దాచాను. ఇల్లంతా వెతికారు. రైలు కోసం కామారెడ్డికి పోయే బస్సు వేళయింది. చివరికి మా చిన్నాయన తన చెప్పులు ఇచ్చాడు. చిన్నాయన మానేరు వాగు అవతల తంగళ్ళపల్లిలో ఉండేవాడు, బాపుతో కలిసి భివండిలోనే పని. చిన్నాయన ఉత్తకాళ్లతో బస్సెక్కాడు. నేను బాపు కాళ్లు పట్టుకుని ఏడ్చాను.

“ఎందుకు పోతవ్ బాపూ?”

“నేనేడ పోత బిడ్డా? గా రైలే గుంజుకపోతది” అన్నాడు బాపు నవ్వుతూ.

పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పెద్దవాళ్లు అనే మాటే అది. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. బాపు పోవడం లేదు, రైలే ఆయన్ను గుంజుకుపోతోంది. ఆ రైలును గుంజేది ఇంజను. అయితే ఆ ఇంజనునే మా ఇంట్లో కట్టేస్తే?

మా వైపు వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఉంటుంది. కోరిక తీరాలని కోడెను గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేసి దండం పెట్టుకుంటారు. ఆ కోడెకు వంక ఉండకూడదని, కుంటిదీ కొమ్ము విరిగినదీ పనికిరాదని మా అవ్వ చెప్పేది. నేను రాజన్నకు మనసులోనే మొక్కుకున్నాను. ‘ఒక ఇంజను చేయించి మా ఇంట్లో కట్టేస్త. దానికి ఏ వంకా ఉండదు. అసలు ఇంజనుకు ఏమేం ఉంటయో అన్నీ ఉంటయి. నువ్వు మా బాపును మల్ల పోనియ్యకు.’ నాకు అప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. మొక్కు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫలించదు కదా.

మా ఊరికి రైలు లేదు. నేను చూడలేదు, అవ్వ చూడలేదు. మా స్కూలు సారు కూడా చూసినట్టు కనపడేవాడు కాదు. అందుకే పౌడరు డబ్బా ఒకటి పట్టుకుని డబ్బాల సాయిబు దగ్గరికి పోయాను. ఆయన బజారు మొగదల చిన్న కొట్లో రేకు కోసి గరాటాలు, దీపపు బుడ్లు, నూనె డబ్బాలు చేసేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. తెల్లటి గడ్డం, చేతులకు ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా. నేను తాత అని పిలిచేదాన్ని.

“ఏం జేయాలె బేటీ దీనికి? పట్టుకునేతందుకు చెవి పెట్టాల్నా?”

“చెవి వద్దు. రైలింజను చేయాలె.”

సుత్తి ఆగింది. ఆయన నన్ను, డబ్బాను మార్చి మార్చి చూశాడు.

“ఎసొంటి ఇంజను?”

“మా బాపును తీస్కపోయేది.”

ఆయన డబ్బా తీసుకుని మూత వాసన చూసి, “మంచి బాయిలర్ అయితది” అన్నాడు. బాయిలర్ అంటే ఏందో నాకు తెలియదు. కూలి సంగతి కూడా ఆయనే తేల్చేశాడు. “మీ బాపు చిట్టీ రాస్తే తెచ్చి నాకు సదివి ఇనిపియ్యి. గంతే.” ఆయన కొడుకులెవరూ దూరాన లేరు, ఆయనకు ఉత్తరాలు రాసేవాళ్లూ లేరు. ఇంకొకరికి వచ్చిన ఉత్తరం వినడం ఆయనకు ఎందుకంత ఇష్టమో అప్పుడు ఆలోచించలేదు.

ఇక పని మొదలైంది. పౌడరు డబ్బా ఇంజను పొట్ట అయింది. బిస్కెట్ డబ్బా రేకుతో డ్రైవరు గది. నూలు చుట్టే కండె ఒకటి పొగగొట్టం. పాత కట్టె బాబిన్ల అంచులు కోస్తే చక్రాలు. మగ్గం పన్నెలో ఉండే సన్నటి ఇనుప పుల్లలు నాలుగు తెచ్చి ఇచ్చాను, అవి పక్క కమ్ములయ్యాయి. ఎర్రగా కాల్చిన కడ్డీని ఆయన నవాసాగరం మీద రుద్దితే తెల్లగా పొగ లేచేది, ముక్కు మండిపోయేది. ఆ పొగలోంచి టంకం నీటిచుక్కలా మెరిసి అతుక్కునేది. నా మనవరాలి గదిలోంచి వచ్చే వాసనలో కొంచెం ఆ వాసన ఉంది.

ఇంజనుకు ఏమేం ఉంటాయో తెలిసింది బాపుకే కాబట్టి, ప్రతి ఉత్తరం చివర నేనొక ప్రశ్న రాసేదాన్ని. జవాబు రావడానికి పదిహేను ఇరవై రోజులు పట్టేది. బాపు ఐదో తరగతి దాకా చదివాడు. అక్షరాలు గుండ్రంగా, నూలు ఉండల్లా ఉండేవి.

ఇంజనుకు దీపాలు ఎన్ని ఉంటాయని అడిగాను. ‘బిడ్డా, రెండు ఉంటయి. మనిషికి రెండు కండ్లున్నట్టు’ అని రాశాడు. చదివి వినిపిస్తే సాయిబు తాత, “దో?” అన్నాడు. కాసేపు గడ్డం గోక్కుని, సీసా మూతలు రెండు తీసి ముందర అతికించాడు.

వాన పడితే పొగగొట్టంలో నీళ్లు పడి నిప్పు ఆరిపోదా అని అడిగాను. ఆ ప్రశ్న వేసినందుకు నాకే నా మీద గర్వంగా ఉండింది. ‘మంచిగ అడిగినవ్. గొట్టం మీద గొడుగు ఉంటది. నల్లది. వాన రాంగనే డ్రైవరు తాడు గుంజుతడు, గొడుగు తెరుసుకుంటది’ అని జవాబు వచ్చింది. ఇది వినగానే తాత దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. భుజాలు ఊగాయి. తరువాత రేకును గుండ్రంగా కోసి, ఎనిమిది మడతలు పెట్టి, రూపాయి బిళ్లంత గొడుగు చేశాడు. అంత అందమైన గొడుగు నేను మళ్లీ చూడలేదు.

మూడో ప్రశ్న దగ్గర గొడవయింది. చక్రాలు ఎట్ల తిరుగుతాయని అడిగితే, ‘సాంచెకు ఉన్నట్టే తోలు పటా ఉంటది బిడ్డా. పటా లేకుంట చక్రం ఎట్ల తిరుగుతది?’ అని రాశాడు. మా లోకంలో తిరిగేదేదైనా పటాతోనే తిరిగేది. గోడ పొడుగునా ఒక ఇరుసు, దానిమీంచి ఒక్కో సాంచెకు ఒక్కో తోలు పటా. పటా తెగితే పని బంద్. బాపు పొద్దంతా వాటి నడుమ నిలబడ్డ మనిషి. ఇంకోలా ఎలా రాస్తాడు?

సాయిబు తాత మాత్రం తల అడ్డంగా ఊపాడు. బొగ్గు ముక్క తీసుకుని నేల మీద మూడు చక్రాలు గీశాడు. వాటిని కలుపుతూ అడ్డంగా ఒక గీత గీశాడు.

“బేటీ, గీ చక్రానికి గీ చక్రానికి నడుమ ఇనుప కడ్డీ ఉంటది. ముందటికి పోతది, ఎనుకకొస్తది. దాంతోనే తిరుగుతది. పటా ఉండది.”

“బాపు పటా అని రాసిండు.”

“రాసిండు గాని...”

“నువ్వెన్నడన్న రైలెక్కినవా తాతా? మా బాపు ఏడాదికి రెండు మాట్ల ఎక్కుతడు!”

కొట్టు ముందు పోయేవాళ్లు కూడా ఆగి చూసేంత గట్టిగా అన్నాను. మా వాడ గొంతు కదా. తాత నా మొహంలోకి చూశాడు. చొక్కా చేయి మోచేతి దాకా పైకి పోయి ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ, చర్మమంతా ముడతలు. అది చూసుకుని చేయి కిందికి లాక్కున్నాడు. గీసిన గీతలను కాలితో చెరిపేశాడు.

“నై బేటీ. మీ బాపు చెప్పిందే సహీ. తోలు తీస్కరా పో.”

తోలు కోసం నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. మా ఇంటి పక్క షెడ్డులో గోడకు కొత్త పటా వేలాడుతుండేది. మేస్త్రి అన్నానికి పోయిన సమయం చూసి దాని కొసన నాలుగు వేళ్లంత కోసేశాను. మరునాడు అది సాంచెకు ఎక్కిస్తే అందలేదు. మేస్త్రి అరుస్తూ మా ఇంటికి వచ్చాడు.

“నీ పొల్ల నా పటా కోసింది వదినా! అడిగితే ఇంజనుకు అంటున్నది. నాకు సాంచె నడుస్తలేదు, గామెకు రైలు నడువాల్నట!”

అవ్వ చేతిలో బీడీ దారం అలాగే ఉంది. కొడుతుందనుకుని నేను తలుపు వెనక నక్కాను. ఆమె మేస్త్రికి చాయ పెట్టి ఇచ్చింది. ఆయన పోయాక నన్ను పిలిచి, “రైలుతోని నీకేం పనే?” అని మాత్రం అడిగింది. నేను చెప్పలేదు. ఆమె కళ్లలో నీళ్లెందుకు తిరిగాయో ఆమె కూడా చెప్పలేదు.

దసరా దగ్గర పడేసరికి ఇంజను పూర్తయింది. దీపపు మసి గీకి వార్నీషులో కలిపి తాత నల్లగా పూశాడు. గుండ్రటి పొట్ట, రెండు కళ్లు, గొట్టం మీద గొడుగు, చక్రాలకు తోలు పటా. ఒక చక్రం తిప్పితే అన్నీ తిరిగేవి. తక్కువైంది ఒక్క నంబరే. ప్రతి ఇంజనుకు నంబరుంటుందని తాతే చెప్పాడు. బాపుకు రాశాను, నంబరు లేకపోతే ఇది వంక ఉన్నట్టే, తొందరగా రాయి అని. జవాబు రాలేదు. బాపే వచ్చాడు.

వాడంతా తంగేడు, గునుగు పూల రాశులే. అవ్వ బతుకమ్మ పేరుస్తుంటే చిన్నాయన రెండు పెట్టెలు మోసుకుంటూ ముందు వచ్చాడు. వెనక బాపు. మనిషి సగమయ్యాడు. మెడలో ఎముకలు లెక్కపెట్టొచ్చు. చొక్కా ముందరంతా నల్లటి మసి. ఎప్పుడూ పొగ వాసన ఉండేది కానీ ఇంత మసి ఎప్పుడూ లేదు. గడప దాటగానే దగ్గు మొదలై చాలాసేపు ఆగలేదు.

“నువ్వన్న చెప్పు వదినా గీనకు” అన్నాడు చిన్నాయన పెట్టెలు దించుతూ. “మేం ఎప్పటిలెక్కనే ఆఖరి డబ్బల కూసున్నం, అండ్లనే జాగ దొరుకుతది. కామారెడ్డిల దిగి చూస్తే గీన లేడు. బండి కదిలి పోయినంక చూస్తే ప్లాట్‌ఫారం ఆ కొసకు కూలవడి ఉన్నడు. ఊపిరాడుతలేదు. గంత దూరం ఎందుకు వోయినవ్ అంటే మాట్లాడడు.”

“నీళ్లకు పోయి ఉంటడు” అంది అవ్వ.

“ఆఁ, నీళ్లకే” అన్నాడు బాపు.

నాకు ఆ మాటలేవీ పట్టలేదు. ఇంజను తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన దాన్ని కళ్ల దగ్గరికి తీసుకుని చూశాడు. రెండు దీపాలూ వేలితో తాకాడు. గొడుగు తాకాడు. పటా మీద వేలు పెట్టి మెల్లగా తిప్పాడు, చక్రాలు తిరిగాయి. ఎంతసేపు చూశాడంటే నాకు భయమేసింది.

“గిట్లనే ఉంటదా బాపూ?”

ఆయన గుటక మింగాడు.

“గిట్లనే ఉంటది బిడ్డా. అచ్చం గిట్లనే.”

“నంబరు? నంబరు తెల్వదా?”

“ఎందుకు తెల్వది? ఎప్పటినుంచో నోటికొచ్చు.”

తాత దగ్గర్నుంచి తెల్లరంగు తెచ్చాను. నూలు చుట్టిన బీముల మీద నంబర్లు రాసి రాసి అలవాటైన చెయ్యి ఆయనది. పుల్లను రంగులో ముంచి డ్రైవరు కిటికీ కింద రెండు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు రాశాడు. దగ్గు వచ్చి చివరి అంకె కిందికి జారింది. నేను ఊరుకున్నానా? “వంకర పోయింది బాపూ, మంచిగ రాయి” అని కసిరాను. ఆయన కొసగోటితో తుడిచి, ఊపిరి బిగబట్టి మళ్లీ రాశాడు. ఆ కసురు గుర్తొస్తే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

దసరా నాడు బాపు జమ్మి ఆకు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని సాయిబు తాత కొట్టుకు పోయాడు. ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చాడు. మామూలుగా మూడు సార్లు మెడ కలిపి వదులుతారు. బాపు వదల్లేదు. తాత చెవిలో ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. తాత ఆయన వీపు నిమురుతూ, “బచ్చీ ఖుష్ హై, బస్” అన్నాడు. పిల్ల సంతోషంగా ఉంది, చాలు. నా ఇంజను గురించే అనుకుని నేను ఇంకా ఖుషీ అయ్యాను.

అదే రోజు ఇంటికి వచ్చి ఇంజనును బాపు మంచం కోడుకు నూలు దారంతో కట్టేశాను. మూడు ముళ్లు వేశాను. చిన్నాయన ఒక్కడే భివండికి పోయాడు. బాపు పోలేదు. నా మొక్కు రాజన్న విన్నాడని వాడంతా ఎగురుకుంటూ తిరిగాను.

చలి ముదిరింది. బాపు మంచం దిగడం తగ్గింది. మందుల వాసన తునికాకు వాసనను మింగేసింది. పడుకునే ఇంజనును పొట్ట మీద పెట్టుకుని పటా తిప్పేవాడు. అది కిర్రుకిర్రుమనేది. ఒకరోజు, “బిడ్డా, పెద్దగైనంక నువ్వు రైలెక్కుతె, ముందటికి పోయి ఒక్కసారి ఇంజను చూడు. నాలెక్క ఎప్పుడు ఎనుకనే కూసోకు” అన్నాడు. నేను సరే అన్నాను. “గొడుగు చూస్త” అన్నాను. ఆయన నవ్వబోతే దగ్గు వచ్చింది.

సంక్రాంతి ముగ్గులు పడకముందే బాపు పోయాడు. ఆ పొద్దున మంచం బయటికి తీస్తుంటే దారం అడ్డం వచ్చింది. ఎవరో దాన్ని పుటుక్కున తెంపి ఇంజనును మూలకు జరిపారు.

బాపు మళ్లీ భివండికి పోలేదు. నేను అడిగింది అదే కదా. ‘మల్ల పోనియ్యకు’ అన్నాను కానీ ‘బతికుండనియ్యి’ అని అనలేదు. మొక్కు సరిగ్గా మొక్కుకోవడం రాక మా బాపును నేనే చంపుకున్నానని ఎన్నో ఏళ్లు అనుకున్నాను. నూలు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని పెద్దయ్యాక తెలిసినా ఆ ముల్లు పూర్తిగా పోలేదు. ఈ సంగతి అవ్వకు ఎప్పుడూ చెప్పలేదు.

నాకు పెళ్లయి కోరుట్లలో ఉండగా సాయిబు తాత కూడా పోయాడు. పరామర్శకు పోతే ఆయన భార్య నా చేయి పట్టుకుంది. “మీ తాత పెండ్లికి ముందు కాజీపేటల ఇంజన్ల బొగ్గేసిండు బేటీ. ఆరేండ్లు. చెయ్యి గట్లనే కాలింది” అంది. నువ్వెన్నడన్న రైలెక్కినవా అని నేను అరిచింది ఆయన్ని. అన్నీ తెలిసీ, తెలియనివాడిలా తోలు తెమ్మన్నాడు. ఇంజనుకు పటా లేదని, గొడుగు లేదని ఆ రోజు ఖాయమైంది. బాపు ఏనాడూ ఇంజనును చూడనే లేదు. బిడ్డ అడిగిందని తోచింది రాశాడు. ఆ నంబరు కూడా అలాగే రాసి ఉంటాడనుకున్నాను. పాపం, తను రాసిందంతా నిజమే అనుకుంటూ పోయాడని, ఒకరకంగా అదే మంచిదని సరిపెట్టుకున్నాను. నిన్నటి దాకా అదే అనుకున్నాను.

ఇదంతా చెప్పి ఇనప్పెట్టె తీశాను. పాత చీరలో చుట్టిన ఇంజనును మనవరాలు రెండు చేతులతో అందుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. తన భూతద్దం తెచ్చి, దీపం కింద అంగుళం అంగుళం చూసింది. “గొడుగు ఎంత మంచిగ చేసిండో అమ్మమ్మా” అంది. పటా ఎండి పగుళ్లు బారింది. ఒక చక్రం కదలడం లేదు. తరువాత కిటికీ కింద ఆగిపోయింది.

“గీ నంబరు ఎవరు రాసిండ్రు?”

“మా బాపు. ఊకనే రాసిండు.”

“ఊకనే రాస్తె గిట్ల రాదు.” అది ఫోనులో ఏదో వెతికింది. “చిన్న పట్టాల మీద నడిచే బండ్లు ఉండె గదా, కామారెడ్డి దిక్కు? గీ రెండు అక్షరాలు ఆ రకం ఇంజన్లకే ఉంటయి. నంబరు గూడ ఆ వరుసలదే. గిసొంటి ఇంజను నిజంగ ఉండె అమ్మమ్మా. గిది డ్రైవరు కిటికీ కింద రాసి ఉంటది. ఆఖరి డబ్బలకెంచి కనవడది. దగ్గరికి పోయి చూస్తెనే తెలుస్తది.”

ఫోను నా ముందు పెట్టింది. ఆ రకం ఇంజను ఫోటో. ఒక్కటే దీపం. చక్రాల నడుమ మెరిసే ఇనుప కడ్డీ, సాయిబు తాత బొగ్గుతో గీసినట్టే. పొగగొట్టం ఆకాశానికి తెరిచి ఉంది.

ఆ రోజు కామారెడ్డిలో బాపు నీళ్లకు పోలేదు. నంబరు ఆయనకు ఎప్పటినుంచో నోటికి వచ్చిందీ కాదు. బిడ్డ నంబరు అడిగిందని, ఊపిరాడని ఆ మనిషి ఆఖరి డబ్బా నుంచి ప్లాట్‌ఫారం ఆ కొస దాకా ఒక్కో అడుగూ వేసుకుంటూ పోయాడు. ఇంజను ముందు నిలబడ్డాడు. ఆ చొక్కా మీది నల్లటి మసి అక్కడిదే. పటా లేదని, గొడుగు లేదని, తను రాసిందంతా తప్పని ఆ రోజే చూశాడు. నాకు నిజం చెబుదామనే బస్సెక్కి ఉంటాడు. ఇంటికి వచ్చేసరికి ఆ తప్పులన్నీ టంకం పెట్టి, రంగు వేసి, ఆయన ఒళ్లో పెట్టి, గిట్లనే ఉంటదా బాపూ అని అడిగాను.

బాపు అప్పుడు మింగిన గుటక అదే. అంత దూరం నడిచి తెచ్చిన నిజంలోంచి నాకు పనికొచ్చేది నంబరు ఒక్కటే తీసి ఇచ్చాడు. మిగతాది తన దగ్గరే పెట్టుకుని పోయాడు. నేనేమో అంకె వంకర పోయిందని కసిరాను.

మనవరాలు నా చేయి పట్టుకుంది. “ఏడువకు అమ్మమ్మా. నా దగ్గర ఇత్తడి తీగ ఉన్నది. కడ్డీలు నేను చేస్త. దీపం ఒకటి తీసేస్త. అసలు ఇంజను లెక్కనే చేసి ఇస్త” అంది.

“వద్దు బిడ్డా. ఏం మార్చకు” అన్నాను. “ఆ నంబరు మీద దుమ్మొక్కటి తుడువు. అది మా బాపు పోయి చూసి వచ్చింది.”